వెండి రంగు రిమ్ములు

జలపతి తండ్రి కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. ఒక వానాకాలం పొద్దున గొల్లపల్లి అవతల, తడిసిన తాటిమొద్దు మీద, నడుముకు చుట్టుకున్న మోకు జారి కల్లుకుండతో సహా కింద పడి మళ్లీ లేవలేదు. ఆ రోజే తల్లి కొమురమ్మ ఇంట్లో మిగిలిన మోకు తీసి పొయ్యిలో పెట్టింది. "నా కొడుకు భూమ్మీదనే బతకాలె. చెట్టు మీదికి పోవద్దు" అన్నది.

అట్లా జలపతి కోరుట్లకు వచ్చి లారీ క్లీనరయ్యాడు. క్లీనరు నుంచి డ్రైవరు. పెళ్లయ్యాక బావమరిది వెంకటితో పొత్తు కలిపి ఒక పాత లారీ కొన్నాడు. నిదానస్థుడని పేరు. హారన్ కొట్టడానికి కూడా రెండుసార్లు ఆలోచించే మనిషి అని వెంకటి ఎగతాళి చేసేవాడు.

ఆ ఏండ్లలో ఆ దారుల మీద బండి నడపడానికి నిదానమే కావాలి. జగిత్యాల పొలిమేరలో పోలీసు చెయ్యెత్తితే ఆగాలి. రుద్రంగి గుట్టల మలుపులో చెట్ల నడుమ నుంచి ఇంకో చెయ్యి లేస్తే అక్కడా ఆగాలి. ఇక్కడ చూసింది అక్కడ చెప్పకూడదు, అక్కడ విన్నది ఇక్కడ చెప్పకూడదు. జలపతి రెండు చోట్లా తలొంచుకొని, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చి, బండి ముందుకు పోనిచ్చేవాడు.

ఆ ఏడు వానలకు ముందు లారీ పాత రిమ్ములు పగుళ్లిచ్చాయి. కంపెనీవి కావాలంటే హైదరాబాదు పోవాలి, అవి దొరికేదాకా బండి నిలబడాలి. జగిత్యాలలో విఠల్ సేటు దుకాణంలో మాత్రం గోడకు ఆనించిన కొత్త రిమ్ములు వెండి పళ్లాల్లా మెరుస్తున్నాయి.

"కంపెనీవి కావు గని కంపెనీ లెక్కనే పనిజేస్తయ్. ఏడాది గ్యారంటీ. ఏమన్న అయితే నా దుకాణం యాడికన్న పోతదా?" అన్నాడు సేటు.

జలపతి వేలు మడిచి కొట్టి చూశాడు. గణ్‌మని మోగింది. లారీకి సరిపడా తీసుకున్నాడు.

అప్పటి లారీ చక్రంలో టైరును రిమ్ముకు ఎక్కించాక, అది ఊడిరాకుండా అంచున ఒక ఇనుప రింగును గాడిలో బిగించేవాళ్లు. లాక్ రింగు అంటారు దాన్ని. లోపలి గాలి బలాన్నంతా ఆపేది ఆ రింగు. రింగును పట్టి ఉంచేది ఆ గాడి. గాడిని తుప్పు తినేస్తే రింగు ఫిరంగి గుండే.

ఆ వానాకాలమంతా జలపతి గొల్లపల్లికి యూరియా, గంభీరావుపేటకు ఉప్పు మోశాడు. తిరుగు దారిలో సిరిసిల్ల నుంచి గుడ్డ తానులు తెచ్చేవాడు. చినుకులకు బస్తాల్లోంచి ఉప్పునీళ్లు కారి చక్రాల మీద పడేవి. బతుకమ్మ పండుగ నాటికి రిమ్ముల మీద రంగు అక్కడక్కడ పొక్కులు లేచింది. జగిత్యాల పోయినప్పుడు సేటుకు చూపించాడు.

"రంగు పొక్కితే రిమ్ము పోతదా జలపతీ? మనిషికి చెమటకాయలు లేస్తే సస్తడా?" అని సేటు నవ్వాడు.

జలపతి కూడా నవ్వి ఊరుకున్నాడు.

సిరిసిల్లలో కనకయ్య పంక్చర్ దుకాణం బజారు మొదట్లోనే ఉంటుంది. కనకయ్యది మగ్గం నేసే ఇల్లు. మరమగ్గాలు, అదే అక్కడి వాళ్లనే సాంచెలు, వచ్చాక అన్నదమ్ములు వాటి మీదికి పోయారు. ఆ చప్పుడు చెవులకు పడదని తాను టైర్ల పని నేర్చుకున్నాడు. ఒక రోజు మధ్యాహ్నం జలపతి లారీ వెనక చక్రం పంక్చరైంది. కనకయ్య ట్యూబుకు అతుకేశాడు, గాడిని తీగల బ్రష్షుతో రుద్దాడు, రింగు బిగించి చుట్టూ సుత్తితో కొట్టి చూశాడు. అంతా సరిగ్గానే కనిపించింది. గాలి పైపు తగిలించి మిషన్ నడిపాడు. జలపతి ఎదురు హోటలు ముందు చాయ్ గ్లాసు పట్టుకొని నిలబడ్డాడు.

అప్పుడు పేలింది.

ఆ రోజుల్లో ఆ చప్పుడుకు జనం ఒక్కటే అర్థం తీసేవాళ్లు. దుకాణాల షట్టర్లు దబదబా కిందికి పడ్డాయి. హోటల్లో ఉన్నవాళ్లు బల్లల కింద దూరారు. పక్క సందులో సాంచెలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. జలపతి గ్లాసు పారేసి దుమ్ములోకి పరుగెత్తాడు. కనకయ్య గోడవారగా పడి ఉన్నాడు. కుడి భుజం ఉండాల్సిన చోట లేదు, వెనక్కి విరిగి వేలాడుతోంది. లాక్ రింగు రేకుల కప్పును చీల్చుకొనిపోయి పక్కింటి గోడలో సగం దిగబడింది.

జలపతి కూలబడి కనకయ్య తలను ఒళ్లోకి తీసుకున్నాడు. అంతలోనే బూట్ల చప్పుడు.

"చేతులు పైకెత్తు!"

తుపాకి కొన జలపతి ఛాతీకి ఆనింది. జలపతి చేతులు ఎత్తలేదు. "ఎత్తితే ఈయన తలకాయ కింద పడ్తది సార్."

"బాంబు ఎవడు పెట్టిండు?"

"బాంబు కాదు సార్. గాలి."

"గాలా? ఎవనికి చెప్తున్నవ్‌రా?"

తుపాకి ఇంకా గట్టిగా ఒత్తుకుంది. జలపతికి తన గుండె ఆ ఇనుప కొనకు కొట్టుకోవడం తెలుస్తోంది. కాలు కదిపినా, గొంతు పెంచినా అయిపోతుందనిపించింది. చివరికి వయసు మళ్లిన కానిస్టేబులొకడు గోడలో దిగిన రింగును చూసి, దగ్గరికి పోయి తడిమి, "టైరే సార్" అన్నాడు. అప్పుడు గానీ తుపాకి కిందికి దిగలేదు. అదే లారీకి స్పేరు చక్రం బిగించి, కనకయ్యను గుడ్డ తానుల మీద పడుకోబెట్టి జలపతి కరీంనగర్ దవాఖానకు తోలాడు. కనకయ్య ప్రాణం నిలిచింది. కుడిచెయ్యి ఉన్నా లేనట్టే అయింది.

దవాఖాన వరండాలో కనకయ్య భార్య రాజమణి ఏడవకుండా కూర్చుంది. జలపతి ఆమె ముందు నిలబడ్డాడు.

"నిన్ను ఏమంటలేను అన్నా," అన్నది ఆమె. "ఒక్క మాట చెప్పు. గసోంటి రిమ్ములు ఇంకెవలెవలి బండ్లకున్నయ్?"

జలపతి వెంటనే బండి వెనక్కి తిప్పాడు.

సిరిసిల్లకు తిరిగొచ్చి పగిలిన రిమ్మును ముందేసుకొని స్క్రూడ్రైవరుతో గాడిని గీకాడు. వెండి రంగు కింద ఇనుము తగల్లేదు. గోడలకు పూసే లప్పం పొడిపొడిగా రాలింది. దాని కింద చీమలపుట్టలా గుంతలు పడ్డ పాత ఇనుము. ఎక్కడో తుక్కుకు పోయిన లారీల రిమ్ములకు లప్పం కూరి, రంగు పూసి కొత్తవని అమ్మారు. మిగతా చక్రాలూ విప్పి చూశాడు. అన్నీ అంతే.

ఆ రిమ్మును జగిత్యాలకు తీసుకుపోయి సేటు గల్లా పెట్టె ముందు పడేశాడు. దుకాణంలో నలుగురైదుగురు గిరాకీలున్నారు. సేటు గాడిలోకి చూశాడు. ముఖం పాలిపోయింది. కానీ నలుగురి ముందు నోరు మాత్రం వేరే మాట అన్నది.

"యూరియా మోసినవ్, ఉప్పు మోసినవ్. జంగు పట్టకేమైతది? తుప్పుకు గ్యారంటీ ఉంటదా?"

"ఉప్పుకు లప్పం పుడ్తదా సేటూ?"

"నాకేం తెల్సు? నేను తయారుజేస్తనా?"

"పోనీ ఇంకెవలికి అమ్మినవో చెప్పు. పోయి వాళ్లకన్న చెప్పుకుంట."

"నా యాపారం నీకెందుకు చెప్త? నడువ్, దుకాణం దిగు."

జన్మలో జలపతి అంత గట్టిగా అరవలేదు. "సరే సేటూ. గీ పంచాది యాడ తెగాల్నో గాడనే తెగుతది!"

గిరాకీలు ఒకరి ముఖం ఒకరు చూసుకొని మెల్లగా బయటికి నడిచారు. మెట్లు దిగాక జలపతికి తానన్నదేమిటో అర్థమైంది. కోర్టునో, లారీల సంఘాన్నో తలుచుకొని అన్నాడో, అసలేమీ తలుచుకోకుండానే అన్నాడో తనకే తెలియదు. కానీ ఆ కాలంలో ఆ మాటకు ఒకటే అర్థం. అన్నలు. అడవిలో దళం పెట్టే పంచాయితీ.

ఇంటికొచ్చి భార్య భూదేవికి చెప్పాడు. ఆమె చేతిలోని చేట కింద పెట్టి, "నోరు జారితే కాలు జారినదానికన్న ఎక్కువయ్యా," అన్నది. "ఇగ ఊకో. ఎవలు అడిగినా ఏమనలేదను."

ఊకోవడానికి వీల్లేకపోయింది. గిరాకీల నోట విన్న వెంకటి అప్పటికే ఆ మాటను అందాల్సిన చోటికి అందించాడు.

"నేనేం జేసిన బావా? నువ్వు అననే అంటివి. నేను చేరేసిన, గంతే," అన్నాడు, గర్వంగానే. "సేటును గూడ పిలిచిన్రు. రేపు పొద్దుగాల రుద్రంగి గుట్టల కాడికి పోవాలె."

మరునాడు ఎండెక్కేసరికి గుట్టల నడుమ మోదుగు చెట్ల కింద జనం పోగయ్యారు. తుపాకులు పట్టుకున్నవాళ్లు దూరదూరంగా నిలబడ్డారు. దళం నాయకుడు సన్నగా, కళ్లద్దాలతో బడిపంతులులా ఉన్నాడు. అతని ముందు నేల మీద విఠల్ సేటు. ఒక కాలికి చెప్పు లేదు. ధోవతి అంచుకు ముళ్లు పట్టాయి. జలపతిని చూసి కళ్లు దించుకున్నాడు.

"నువ్వు అమ్మిన దానికి ఒక కష్టజీవి చెయ్యి పోయింది. ఏమంటవ్ సేటూ?" అన్నాడు నాయకుడు. గొంతు పెంచలేదు.

సేటు "యూరియా..." అన్నాడు.

వెనక నుంచి ఎవరో అన్నారు: "చెయ్యికి చెయ్యి దియ్యాలె!" ఇంకొందరు అవునన్నారు.

నాయకుడు జలపతి వైపు తిరిగాడు. "లప్పం సంగతి ఎరికుండే అమ్మిండా, ఎరుక లేక అమ్మిండా? నువ్వు చెప్పు. నీ మాట మీదనే తెంపుతం."

కరీంనగర్ నుంచి తిరిగొచ్చిన నాటి నుంచీ జలపతి మనసులో అనుకుంటున్న మాట ఒక్కటే: ఎరికుండే అమ్మిండు, దొంగ. ఇప్పుడు ఆ మాట బయటికంటే చాలు. దవాఖాన మంచం మీది నుంచి జారి వేలాడిన కనకయ్య చెయ్యి గుర్తొచ్చింది. ఎదురుగా సేటు చేతులు. రెండూ మోకాళ్ల మీద ఉన్నాయి.

"నాకు తెల్వదన్నా," అన్నాడు. "ఎరికని చెప్తే అబద్ధమైతది."

జనంలో గుసగుస లేచింది. వెంకటి పళ్లు కొరుకుతూ, "బావా!" అన్నాడు.

"సేటుకు భయపడ్తున్నవా?" అని నాయకుడు అడిగాడు.

"భయపడ్తున్న. సేటుకు గాదు." అన్నాడు జలపతి. "గా రిమ్ములు ఇంకా బండ్లకున్నయన్నా. ఇయ్యాలనో రేపో ఇంకో కనకయ్య గాలి కొడ్తడు. ఎవలెవలికి అమ్మిండో ఈయనకొక్కనికే ఎరుక. ఈయన చెయ్యి తీస్తే మాకేమొస్తది? గా చేతులతోనే బోల్టులు ఇప్పించుండ్రి. నా లారీల నేను తీస్కపోత."

నాయకుడు సేటు ముందు కూర్చున్నాడు.

"ఇప్పుడన్న నిజం చెప్పు."

"తక్కువకు దొరికినయ్ అన్నా," అన్నాడు సేటు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. "ఎందుకు తక్కువ అని అడగాలె. అడగలే."

నాయకుడు లేచాడు. "అన్నిటినీ తీసెయ్యి. కంపెనీవి ఎయ్యి. కనకయ్య ఇల్లు నడవాలె. తప్పినవనుకో, మళ్ల పిలువం."

పిలువం అన్న మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు.

మరుసటి పొద్దున సేటు జలపతి పక్కన క్యాబినులో కూర్చున్నాడు. వెనక, హైదరాబాదు నుంచి రాత్రికి రాత్రే తెప్పించిన కంపెనీ రిమ్ములు. జలపతి బండికి తెల్లారేలోపే మార్చేశారు. కోరుట్లలో భూమన్న లారీ దొరికింది. భూమన్న ముందు నవ్వాడు, జలపతి గాడి గీకి లప్పం రాల్చాక నవ్వడం మానేసి సేటును బండబూతులు తిట్టాడు. సేటు తలెత్తకుండా స్పానరు పట్టుకొని బోల్టులు విప్పాడు. అలవాటు లేని అరచేతులు బొబ్బలెక్కాయి. గొల్లపల్లిలో రైసుమిల్లు లారీవి విప్పేసరికి బొబ్బలు పగిలి స్పానరుకు నెత్తురంటింది. మహారాష్ట్రకు పోయే లారీ డ్రైవరు ఒకడు జత రిమ్ములు కొనుక్కుపోయాడనీ, ఆయన ఊరూ పేరూ తెలియవనీ సేటు చెప్పాడు. వాటిని ఇక ఎవరూ ఏమీ చెయ్యలేకపోయారు. మిగిలింది గంభీరావుపేటలో హన్మండ్లు లారీ.

సిరిసిల్ల దాటాక పోలీసులు ఆపారు. ఎస్సై క్యాబినులోకి తొంగిచూసి కనుబొమలు ముడిచాడు.

"జగిత్యాల సేటు లారీ ఎక్కి యాడికి పోతుండు? దిగు సేటూ."

సేటు దిగాడు. ఎస్సై ఆయన భుజం మీద చెయ్యేసి కొంచెం పక్కకు తీసుకుపోయాడు. మాటలు మాత్రం జలపతికి వినిపిస్తూనే ఉన్నాయి. "భయపడకు, మేమున్నం. ఎవడన్న బలిమి జేస్తుండా? వీడేమన్న గుట్టలకు తీస్కపోయిండా? ఒక్క మాట చెప్పు సాలు."

ఆ ఒక్క మాట చాలు. జలపతిని ఇక్కడే దించేస్తారు. తర్వాత ఏ వాగు ఒడ్డునో ఎదురుకాల్పులు జరిగాయని పేపర్లో వస్తుంది. సేటు తలతిప్పి లారీ వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో జలపతికి అందలేదు.

"గ్యారంటీ సార్," అన్నాడు సేటు. "నేను అమ్మిన మాల్ ఖరాబచ్చింది. మార్చిచ్చుడు నా మీదనే ఉన్నది."

"నువ్వు సొంతంగ పోయి మార్చిస్తున్నవా?"

సేటు పగిలిన అరచేతులు చూపించాడు. ఎస్సై నమ్మాడో లేదో, దారికడ్డం పెట్టిన కర్ర పైకెత్తమన్నాడు.

చాలా దూరం పోయాక సేటు అన్నాడు: "గా మాట నీ కోసం చెప్పలే జలపతీ. నాకూ ఇల్లున్నది."

"తెలుసు," అన్నాడు జలపతి. "అయినా చెప్పినవ్ గద."

గంభీరావుపేటలో హన్మండ్లు ఇంటి ముందు లారీ ఆగి ఉంది. విప్పిన చక్రం దానికి ఆనించి నిలబెట్టి ఉంది, రింగు బయటివైపు. గాలి మిషన్ అప్పుడే ఆపి హన్మండ్లు పైపు చుట్టుకుంటున్నాడు. టైరు నిండా గాలి. జలపతి బండి దిగి నాలుగడుగులేసి ఆగిపోయాడు. రింగు ఒక పక్కన గాడిలోంచి వేలెడు పైకి లేచి ఉంది.

"హన్మండ్లూ, కదలకు," అన్నాడు మెల్లగా. "చక్రం ముందలికి రాకు. పక్కకెల్లి అట్లనే ఎన్కకు పో."

హన్మండ్లుకు అర్థం కాలేదు. జలపతి ముఖం చూసి మాత్రం వెనక్కి జరిగాడు. ఆడవాళ్లను పిల్లల్ని ఇంటి వెనక్కి పంపారు. దాన్ని అట్లా వదిలేస్తే ఎప్పుడు ఎగురుతుందో తెలియదు. గాలి తియ్యాలి. తియ్యాలంటే దగ్గరికి పోవాలి.

"నేను పోత," అన్నాడు సేటు. పగిలిన ఆ అరచేతులు చూసి, ఆగమన్నాడు జలపతి.

జలపతి అవతలి వైపు నుంచి లారీ కిందికి పాకాడు. చక్రం వెనక భాగానికి చేరి, రిమ్ము బొక్కలోంచి చెయ్యి జొనిపి వాల్వు కోసం తడిమాడు. ఎక్కడో ఇనుము సన్నగా కిర్రుమంది. కళ్లు మూసుకున్నాడు. తాటిచెట్టు కింద పడి ఉన్న తండ్రి కనిపించాడు, తర్వాత ఏమీ కనిపించలేదు. వాల్వు పిన్ను చేతికి తగిలింది. తిప్పాడు. గాలి బుసకొట్టడం మొదలైంది. అది ఎంతకీ అయిపోదేమో అనిపించింది. చివరికి బుస సన్నబడి ఆగింది. కాసేపటికి రింగు దానంతటదే ఊడి నేల మీద ఠంగున పడింది.

సేటు అక్కడే, వాకిట్లో దుమ్ములో కూలబడ్డాడు. హన్మండ్లు భార్య నీళ్ల చెంబు తెచ్చి ముందు ఆయనకే ఇచ్చింది.

కథ అంతటితో బాగైపోలేదు. రుద్రంగి పంచాయితీ సంగతి పోలీసులకు తెలిసింది. వెంకటి ముందే పసిగట్టి మహారాష్ట్రలోని భివండికి పారిపోయాడు. జలపతి దొరికాడు. గుట్టలకు ఎందుకు పోయావని అరికాళ్ల మీద కొట్టారు. బీడీ ఆకు లోడు మాట్లాడటానికి పోయానన్నాడు. ఎంత కొట్టినా అదే మాట. ఇంకేమీ రాబట్టలేక వదిలేశారు. చాలా రోజులు కాలితో క్లచ్ తొక్కలేకపోయాడు.

ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి కాపడం పెడుతూ భూదేవి అడిగింది: "సేటు పేరు చెప్తే ఆయన్ను గూడ తెచ్చేటోళ్లు గద? నువ్వొక్కనివే ఎందుకు పడ్డవ్?"

"తెస్తే ఏమైతుండె? ఇద్దరం కలిసి మొత్తుకునేటోళ్లం."

సేటు ఆ ఏడాదే దుకాణం ఎత్తేసి నిజామాబాద్ పోయాడు. జలపతిని మళ్లీ కలవలేదు. రాజమణికి మాత్రం నెలనెలా ఇల్లు గడవడానికి పంపేవాడు. కొన్నాళ్లకు ఆమే వద్దని కబురు పెట్టింది. అప్పటికి భర్త దుకాణం తానే తెరిచింది.

ఆమె తెరవడానికి ముందే జలపతి కోరుట్లలో వెల్డింగు చేయించి, మందపాటి కడ్డీల ఇనుప పంజరం ఒకటి లారీలో వేసుకొచ్చి ఆ దుకాణం ముందు దింపాడు. చక్రాన్ని అందులో పెట్టి, పొడుగు పైపు తగిలించి, గోడ చాటున నిలబడి గాలి కొట్టాలి. కనకయ్య స్టూలు మీద కూర్చొని ఎడమచేత్తో చూపిస్తూ చెప్పేవాడు, రాజమణి చేసేది. మొదట్లో డ్రైవర్లు నవ్వారు. ఆడమనిషి టైరు విప్పడమేమిటని, కోడిని గంప కింద కమ్మినట్టు చక్రాన్ని కమ్మడమేమిటని. ఆలస్యమవుతుందని ఎవరైనా విసుక్కుంటే, "తొందరుంటే ఇంకో దుకాణం జూస్కో అన్నా," అనేది ఆమె, చేతిలో పని ఆపకుండా.

ఒకసారి ఆ పంజరంలో నిజంగానే ఒక రింగు ఎగిరింది. బజారంతా మళ్లీ షట్టర్లు దించింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఒక కడ్డీ విల్లులా వంగింది అంతే. జలపతి దాన్ని సరిచేయిస్తానన్నాడు.

"ఉండనియ్యి," అన్నది రాజమణి. "నవ్వేటోళ్లకు గదే జూపిస్త."